ముగ్గురూ కుర్చీ వదిలినవాళ్లే: 1969 రాష్ట్రపతి ఎన్నిక

(అనంతపురంలో ఒక గ్రంథాలయ సమావేశంలో, రిటైరైన రాజనీతిశాస్త్ర అధ్యాపకులు ఒకరు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసినది.)

పెద్దలకు నమస్కారం. వెనక వరసలో కూర్చున్న డిగ్రీ పిల్లలు కొంచెం ముందుకి రండి నాయనా, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మీకోసమే ఈ మాటలు.

2027లో మళ్ళీ రాష్ట్రపతి ఎన్నిక వస్తుంది. మొన్న టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తితే ఒకాయన అన్నారు, "దాంతో మనకేం పని సార్, మనకి ఓటుందా ఏమన్నానా?" అని. నిజమే, మనకి ఓటు లేదు. ఎంపీలకుంది, ఎమ్మెల్యేలకుంది. కానీ ఆ ఓటర్లని ఎన్నుకున్నది ఎవరు? మనమే కదా! ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఒక్కొక్కరి ఓటు విలువ 159, తెలంగాణ ఎమ్మెల్యే ఓటు విలువ 132. ఈ అంకెలు ఎక్కణ్ణుంచి వచ్చాయి? 1971 జనాభా లెక్కల నుంచి. అంటే ఆ 159లో మీ తాతలున్నారు, మీ నానమ్మలున్నారు. మరి మనకేం పని అంటే ఎలా?

సరే, అసలు విషయానికి వస్తాను. రాష్ట్రపతి కావాలంటే ఏముండాలి? రాజ్యాంగం 58వ అధికరణం తీసి చూడండి. భారత పౌరుడై ఉండాలి. 35 ఏళ్లు నిండాలి. లోక్‌సభకి పోటీ చేసే అర్హత ఉండాలి. లాభదాయక పదవిలో ఉండకూడదు. అంతే! ఈ హాల్లో ఉన్నవాళ్లలో సగం మందికి ఆ అర్హత ఉంది. అందుకే నేను మా విద్యార్థులకి ఎప్పుడూ చెప్పేవాణ్ణి, అర్హత వేరు, యోగ్యత వేరు అని. అర్హత కాగితం మీద ఉంటుంది. యోగ్యత ఎక్కడుంటుంది? ఎవరు చూడాలి దాన్ని? ఓటర్లు చూడాలి. చూశారా? మన దేశంలో ఆ ఓటర్లు నిజంగా కూర్చుని, ఈ మనిషా ఆ మనిషా అని తలలు బద్దలు కొట్టుకున్న ఎన్నిక ఒకటుంది. 1969 ఆగస్టు. ఇవాళ దాని గురించే చెబుతాను.

1969 మే 3న జాకిర్ హుస్సేన్ గారు పదవిలో ఉండగానే పోయారు. అప్పటిదాకా ఏ రాష్ట్రపతీ అలా పదవిలో ఉండగా పోలేదు. ఉపరాష్ట్రపతి వి.వి. గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. గిరి గారంటే వరాహగిరి వెంకటగిరి. బరంపురంలో పుట్టిన తెలుగువారు. కాంగ్రెస్ పార్టీ పెద్దలు, కామరాజ్, నిజలింగప్ప, ఎస్.కె. పాటిల్ లాంటివాళ్లు, సిండికేట్ అనేవారు వీళ్లని, బెంగళూరులో కూర్చుని అభ్యర్థిగా ఎవరిని తేల్చారు? మన నీలం సంజీవరెడ్డి గారిని. ఈ జిల్లా ఇల్లూరు ఆయనది. ప్రధానమంత్రి ఇందిరాగాంధీకి అది ఇష్టం లేదు. గిరి గారు ఇండిపెండెంటుగా దిగారు. ప్రతిపక్షాలైన స్వతంత్ర పార్టీ, జనసంఘ్ కలిసి సి.డి. దేశ్‌ముఖ్ గారిని నిలబెట్టాయి. ఆయన మహారాష్ట్రీయులు. కానీ ఆయన భార్య ఎవరో తెలుసా? రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయమ్మ. అంటే ఒకరు బరంపురం, ఒకరు ఇల్లూరు, ఒకరు తెలుగింటి అల్లుడు. దేశం మొత్తంలో రాష్ట్రపతి కావలసినవాళ్లు ముగ్గురూ మన చుట్టుపక్కలవాళ్లే!

నాది ఇచ్ఛాపురం పక్క పల్లెటూరు. అక్కణ్ణుంచి బరంపురం బస్సెక్కితే గంట లోపే. తర్వాత ఉద్యోగం చేసింది ఇక్కడ, అనంతపురంలో. కాబట్టి గిరి గారి ఊరి గాలీ పీల్చాను, సంజీవరెడ్డి గారి ఊరి నీళ్లూ తాగాను. ఎవరి పక్షమూ మాట్లాడను, భయపడకండి.

1969లో నాకు పదకొండేళ్లు. మా నాన్న అదే ఊళ్లో బడిపంతులు. నేను ఆయన క్లాసులోనే ఉండేవాణ్ణి. ఆగస్టులో ఒకరోజు మధ్యాహ్నం చింతపిక్కల డబ్బా తెచ్చి నేలమీద గుమ్మరించారు. క్లాసు లీడరు ఎన్నిక పెడతాను అన్నారు. ముగ్గురు పోటీ. ఒక్కొక్కళ్లూ పలక మీద ఒకటి ఎవరికి, రెండు ఎవరికి అని రాయాలి. రాసి ఊరుకుంటే చాలదు. వీడికే ఎందుకు వేశావో లేచి చెప్పాలి. మొదట లేచినవాళ్లంతా, "వాడు మా వీధివాడు సార్", "వాడు మా బావ సార్", "వాడు నాకు జీడిపప్పు పెట్టాడు సార్" అన్నారు. నాన్న ఏమీ అనలేదు. వింటూ కూర్చున్నారు. ఆఖర్న ఒక అమ్మాయి లేచింది. "మొన్న కిటికీ అద్దం పగిలినప్పుడు ఎవరూ చూడలేదు సార్. వాడే వచ్చి నేనే పగలగొట్టాను అన్నాడు. అందుకని" అంది. నాన్న పలక తీసుకుని ఆ మాట పెద్ద అక్షరాలతో రాసి గోడకి ఆనించారు. తర్వాత మూడో కుప్పలో పిక్కలు తీసి, వాటి మీద రెండో ఓటు ఎవరికుందో చూసి, మిగతా రెండు కుప్పల్లోకి పంచడం నేర్పారు. ఢిల్లీలో జరగబోతున్నది ఇదే లెక్క అన్నారు.

ఆ అమ్మాయి చెప్పిన కారణం నేను ఇప్పటికీ మర్చిపోలేదు. ఎందుకంటే ఢిల్లీ ఓటర్ల ముందు కూడా సరిగ్గా అలాంటి సాక్ష్యమే ఉంది. అదీ ముగ్గురు అభ్యర్థుల గురించీ ఉంది.

జాగ్రత్తగా వినండి. గిరి గారు. 1952లో కేంద్రంలో కార్మిక మంత్రి అయ్యారు. అంతకుముందు ఏళ్ల తరబడి రైల్వే కార్మికుల సంఘాల్లో పనిచేసిన మనిషి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల గొడవ. ట్రిబ్యునల్ ఉద్యోగులకి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. ప్రభుత్వం దాన్ని కత్తిరించింది. నేను కార్మిక మంత్రిగా ఉండి ఇది ఒప్పుకోలేను అని గిరి గారు రాజీనామా చేశారు. మంత్రి పదవి! నెహ్రూ గారి మంత్రివర్గం! వదిలేశారు.

అప్పుడు ఆర్థిక మంత్రి ఎవరు? ఇదే దేశ్‌ముఖ్ గారు. రిజర్వు బ్యాంకుకి తొలి భారతీయ గవర్నరు. రెండేళ్లు తిరగలేదు, 1956లో ఆయనా రాజీనామా చేశారు. దేనికి? బొంబాయి నగరాన్ని మహారాష్ట్రకి దక్కకుండా చేస్తున్నారని. పదవిలో కూర్చుని దానికి తల ఊపలేను అన్నారు.

ఇక సంజీవరెడ్డి గారు. 1964లో ఆయన ముఖ్యమంత్రి. కర్నూలు జిల్లా బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని తప్పుపట్టింది. ఆ వ్యాఖ్యలు తన మీదకి వచ్చాయని ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. కోర్టు దిగిపొమ్మనలేదు. ఆయనే దిగారు. ఇంకొకటి. 1967లో లోక్‌సభ స్పీకర్ అవ్వగానే కాంగ్రెస్ సభ్యత్వం వదులుకున్నారు. ఈ కుర్చీలో ఉన్నంతకాలం నాకు పార్టీ లేదు అని.

చూశారా? ముగ్గురికి ముగ్గురూ కుర్చీ వదిలినవాళ్లే! రాష్ట్రపతికి ఉండాల్సిన మొదటి గుణం ఏమిటంటే నేను చెబుతాను. ప్రధానమంత్రి పంపిన కాగితం మీద సంతకం పెట్టాల్సిన మనిషి ఆయన. ఎప్పుడో ఒక రోజు, ఎప్పుడో ఒక రాత్రి, పెట్టకూడని కాగితం వస్తుంది. ఆ రాత్రి కలం పక్కన పెట్టి, "ఎందుకు?" అని అడగగలడా? అడిగితే పదవి పోతుందేమో అన్న భయం లేకుండా ఉండగలడా? 1975 జూన్ 25 రాత్రి అలాంటి కాగితం వచ్చింది, ఎమర్జెన్సీ కాగితం. మంత్రివర్గం సమావేశమే కాలేదు. ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ గారు సంతకం పెట్టారు. దేశం ఇరవై ఒక్క నెలలు అనుభవించింది. అందుకే అంటున్నా, పదవి అంటే ప్రాణం పెట్టని మనిషేనా అన్నది ఓటర్లు ముందు చూడాలి. 1969 ఓటర్ల ముందు అలాంటి ముగ్గురున్నారు. ఎంత అదృష్టం! ఇంతకన్నా మంచి చర్చకి అవకాశం ఎప్పుడొస్తుంది?

మరి ఆ చర్చ జరిగిందా? నాకు బాధ కలిగించేది ఇక్కడే. చర్చ జరిగింది. చాలా జరిగింది. కానీ దేని గురించి?

జూలై 19న పధ్నాలుగు బ్యాంకుల్ని జాతీయం చేస్తూ ఆర్డినెన్సు వచ్చింది. తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం పెట్టింది గిరి గారు. పదిహేనేళ్ల కిందట బ్యాంకు ఉద్యోగుల కోసం మంత్రి పదవి వదిలిన మనిషి, ఇప్పుడు బ్యాంకుల్నే ప్రభుత్వపరం చేసే కాగితం మీద సంతకం! మర్నాడు, జూలై 20న, ఆయన రాజీనామా చేశారు. సంజీవరెడ్డి గారు స్పీకర్ పదవి వదిలింది ఆ ముందు రోజు, ఆర్డినెన్సు వచ్చిన 19నే. రాష్ట్రపతీ లేరు, ఉపరాష్ట్రపతీ లేరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా గారు రాష్ట్రపతి బాధ్యత తీసుకున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మనిషి చంద్రుడి మీద దిగాడు. మా ఊరి పంచాయతీ రేడియో దగ్గర జనం సగం చంద్రుడి గురించి, సగం గిరి గారి గురించి మాట్లాడుకునేవారు.

సంజీవరెడ్డి గారి నామినేషన్‌ని ప్రతిపాదిస్తూ సంతకం పెట్టింది ఎవరు? ఇందిరాగాంధీయే. తర్వాత నిజలింగప్ప గారు జనసంఘ్, స్వతంత్ర నాయకుల్ని కలిసి, మీ రెండో ప్రాధాన్య ఓటు మాకివ్వండి అని అడిగారు. అది బయటపడింది. జగ్జీవన్‌రామ్, ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ దాని మీద ఉత్తరాలు రాశారు. ఉత్తరాలకి జవాబులు, జవాబులకి జవాబులు. ఇందిరమ్మ విప్, అంటే ఫలానావారికే వేయాలన్న పార్టీ ఆదేశం, ఇవ్వనన్నారు. అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయమన్నారు. "అంతరాత్మ ప్రబోధం" అన్న మాట తెలుగు పత్రికల్లో, తెలుగు రచ్చబండల మీద ఇంటింటి మాట అయిపోయింది ఆ నెలలో.

మాట గొప్పది. నేను దాన్ని తక్కువ చేయను. ఓటరు తన మనసుకి తోచినట్టు వేయాలి అనడం కన్నా గొప్ప మాట ఏముంది? కానీ ఆ అంతరాత్మ ముందు పెట్టిన ప్రశ్న ఏమిటి? "గిరి యోగ్యుడా, సంజీవరెడ్డి యోగ్యుడా, దేశ్‌ముఖ్ యోగ్యుడా" అని పెట్టారా? లేదు. "నువ్వు అమ్మ మనిషివా, సిండికేట్ మనిషివా" అని పెట్టారు. వాడు మా వీధివాడు సార్, వాడు మా బావ సార్. అదే జవాబు! ఆ అద్దం పగిలిన సంగతి ఎవరూ అడగలేదు.

అంతకన్నా దారుణం ఇంకొకటి జరిగింది. సంజీవరెడ్డి గారి వ్యక్తిత్వం మీద బురద చల్లుతూ పేరులేని కరపత్రం ఒకటి ఎంపీల మధ్యకి వచ్చింది. పార్లమెంటు సెంట్రల్ హాల్లోకే వచ్చింది. అందులో ఏముందో నేను ఇక్కడ చెప్పను. ఆడపిల్లలున్నారనీ కాదు, మగపిల్లలున్నారనీ కాదు. అది చెప్పదగిన మాట కాదు. ఒక మనిషి యోగ్యత గురించి మాట్లాడాలంటే పేరు పెట్టుకుని మాట్లాడాలి. పేరు లేని కాగితంతో మాట్లాడేది చర్చ కాదు. ఆ కరపత్రం మీద ఎన్నికయ్యాక సుప్రీంకోర్టులో కేసు నడిచింది. గిరి గారు రాష్ట్రపతిగా ఉండి, స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. ఆ పని మాత్రం చాలా గొప్పది, ఒప్పుకోవాలి. 1970లో కోర్టు పిటిషన్ కొట్టేసింది.

నిజంగా అడగాల్సిన గట్టి ప్రశ్నలు లేవా అంటే ఉన్నాయి. ఒకటి చెబుతాను. ఆ ఏడాది ప్రత్యేక రాష్ట్రం కోసం తెలంగాణ అట్టుడికిపోతోంది. పిల్లలు చదువులు మాని వీధుల్లోకి వచ్చారు, కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. దాని మూలం ఎక్కడుంది? ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న 1956 పెద్దమనుషుల ఒప్పందంలో. దాని మీద సంతకం పెట్టినవారిలో సంజీవరెడ్డి గారున్నారు. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం నుంచి వస్తే ఉప ముఖ్యమంత్రి రెండో ప్రాంతం నుంచి రావాలన్నది ఒప్పందం. ఆయన మొదటి మంత్రివర్గంలో ఉప ముఖ్యమంత్రి లేరు. అది ఆరో వేలు, అవసరం లేదు అన్నారని తెలంగాణలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈ జిల్లాలో నిలబడి ఈ మాట అంటున్నందుకు కొందరికి కష్టంగా ఉండొచ్చు. అయినా అనాలి. ఇచ్చిన మాట మీద సంతకం పెట్టి నిలబెట్టుకోని మనిషి, దేశానికి సంతకం పెట్టే కుర్చీలో కూర్చోవచ్చా? ఇది న్యాయమైన ప్రశ్న. ఒక తెలంగాణ ఎమ్మెల్యే ఆ ప్రశ్న వేసుకుని ఓటేసి ఉంటే, ఆయనకి చేతులెత్తి దండం పెడతాను.

ఆగస్టు 16న ఓటింగు, 20న లెక్కింపు. మా నాన్న రేడియో దగ్గర పలకతో కూర్చున్నారు. ఆ అంకెలు నాకు నోటికి వచ్చు. మొదటి ప్రాధాన్య ఓట్లు, గిరికి 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. దేశ్‌ముఖ్‌కి 1,12,769. గెలవాలంటే 4,18,169 రావాలి. ఎవరికీ రాలేదు. అప్పుడు కింద కుప్పల్లో పిక్కలు తీసి పంచడం మొదలుపెట్టారు. సంజీవరెడ్డి గారికి తొంభై ఒక్క వేల పైన కలిశాయి. గిరి గారికి పద్ధెనిమిదిన్నర వేలే కలిశాయి. అయినా గిరి గారు గట్టెక్కారు. 4,20,077. సంజీవరెడ్డి గారు 4,05,427 దగ్గర ఆగిపోయారు.

ఇద్దరికీ మధ్య తేడా ఎంత? 14,650. అప్పుడు ఒక ఎంపీ ఓటు విలువ 576. అంటే పదమూడు మంది ఎంపీలు అటు నుంచి ఇటు మారితే చాలు, ఫలితమే తారుమారు! పదమూడు మంది మనుషులు ఒక పూట కూర్చుని ఆలోచించినా, ఆలోచించకపోయినా, దేశాధినేత విషయంలో అంత తేడా పడుతుంది. ఒక్క ఓటుతో ఏమవుతుంది అనేవాళ్లకి ఈ లెక్క చెప్పండి.

తర్వాత ఏమైంది? కాంగ్రెస్ నవంబరులో చీలిపోయింది. ఆ కథ మీకు తెలుసు. నాకు కావాల్సింది మనుషుల సంగతి. 1970 సెప్టెంబరులో రాజభరణాల, అంటే మాజీ సంస్థానాధీశులకి ప్రభుత్వం ఇచ్చే భత్యాల, రద్దు సవరణ రాజ్యసభలో వీగిపోయింది. మర్నాడే సంస్థానాధీశుల గుర్తింపు రద్దు చేస్తూ రాష్ట్రపతి పేరు మీద ఉత్తర్వు వచ్చింది. గిరి గారు సంతకం పెట్టారు. రాజభరణాలు పోవడం మంచిదే, నేనూ అదే అంటాను. కానీ పార్లమెంటు కాదన్నదాన్ని మర్నాడు సంతకంతో చేయొచ్చా? డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వు కొట్టేసింది. 1954లో కలం పక్కన పెట్టిన మనిషి, 1970లో ఎందుకు పెట్టలేకపోయారు? నేను చాలా ఏళ్లు ఆలోచించాను దీని గురించి.

సంజీవరెడ్డి గారికి కూడా పరీక్ష వచ్చింది. 1977లో నంద్యాల నుంచి గెలిచారు. రాష్ట్రంలో 42 సీట్లలో కాంగ్రెసేతరులకి దక్కింది అదొక్కటే. అదే ఏడాది పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడిపోయింది, చరణ్‌సింగ్ వచ్చారు, లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా చేశారు. ఏ తారీకున? ఆగస్టు 20. సంజీవరెడ్డి గారు ఓడిపోయి సరిగ్గా పదేళ్లు. జగ్జీవన్‌రామ్ గారు నాకు బలం ఉంది, అవకాశం ఇవ్వండి అన్నారు. ఇవ్వలేదు. 22న లోక్‌సభ రద్దయింది. దళితుడు ప్రధాని అయ్యే అవకాశం ఆ సంతకంతో పోయిందని బాధపడేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి. బలం సభలో తేలాలి, రాష్ట్రపతి భవన్ గదిలో కాదు.

అయితే ఒకటి చూడండి. చట్టం అప్పటికి కొంచెం మారింది. 1978లో 44వ సవరణ వచ్చింది. మంత్రివర్గం సలహాని రాష్ట్రపతి ఒకసారి వెనక్కి పంపి, మళ్ళీ ఆలోచించండి అనొచ్చు. ఒక్కసారే. రెండోసారి వస్తే ఒప్పుకోవాల్సిందే. ఆ ఒక్కసారిని వాడినవారున్నారు. 1997లో కె.ఆర్. నారాయణన్ గారు ఉత్తరప్రదేశ్‌లో రాష్ట్రపతి పాలన సిఫారసు వెనక్కి పంపారు. ప్రభుత్వం ఆగిపోయింది. బిల్లుల విషయంలోనూ అలాంటి వీలుంది. 2006లో అబ్దుల్ కలాం గారు లాభదాయక పదవుల బిల్లు తిప్పి పంపారు. అది మళ్ళీ వచ్చింది, సంతకం పెట్టారు. కానీ దేశమంతా దాని గురించి మాట్లాడుకుంది కదా! ఆ ఒక్క ప్రశ్న వేసే మనిషినే మనం వెతకాల్సింది.

పిల్లలూ, ఇది రాసుకోండి. రాష్ట్రపతి ఎన్నికలో విప్ ఉండదు. రహస్య ఓటింగు. మీ ఎమ్మెల్యేకి గులాబీ రంగు కాగితం ఇస్తారు. అసెంబ్లీ భవనంలోనే వేస్తారు. పార్టీ చెప్పినవారికి వేయకపోయినా సభ్యత్వం పోదు. కాబట్టి 2027లో మీ ఎమ్మెల్యే ఊళ్లోకి వచ్చినప్పుడు, రోడ్డు గురించి అడగండి, నీళ్ల గురించి అడగండి, దాంతోపాటు ఇదీ అడగండి. "సార్, మీ 159 ఎవరికి వేస్తున్నారు? ఎందుకు?" పేరు చెప్పకపోతే పోనివ్వండి, రహస్యం ఆయన హక్కు. కానీ "ఎందుకు" అన్నదానికి జవాబు చెప్పమనండి. ఆ అభ్యర్థి జీవితంలో ఒక్కసారైనా, తనకి నష్టం వస్తుందని తెలిసీ కాదు అన్నాడా, ఆ ఒక్క సంగతి చెప్పమనండి.

ఎవరో చెయ్యెత్తారు. చెప్పమ్మా. ఆఁ... "1969లో మీకు ఓటుంటే ఎవరికి వేసేవారు?" మంచి ప్రశ్న. తప్పించుకోను.

మా నాన్న పలక మీద ఒకటి గిరి గారికే రాశారు. కార్మికుల మనిషి అని. నేనైతే ఒకటి దేశ్‌ముఖ్ గారికి రాసేవాణ్ణి. ఆయన్ని నిలబెట్టిన పార్టీలతో నాకు పొత్తు లేదు, కానీ మనిషికి ఎవరి కిందా ఉండాల్సిన పని లేదు. ఆయన గెలవరని తెలుసు కాబట్టి రెండో ఓటే అసలు ఓటు. అది సంజీవరెడ్డి గారికి రాసేవాణ్ణి. తెలంగాణ ప్రశ్న నా గుండెలో ముల్లులా ఉంటుంది, అయినా రాసేవాణ్ణి. స్పీకర్ కాగానే పార్టీని వదిలిన మనిషి కాబట్టి. మా బరంపురం గిరి గారికి ఎందుకు రాయవు అంటావా? తాను పోటీ చేస్తున్నానని ప్రకటించాక కూడా ఆయన తాత్కాలిక రాష్ట్రపతి కుర్చీలోనే ఉన్నారు. తనని గెలిపించగల ప్రధానమంత్రి పంపిన ఆర్డినెన్సు మీద జూలై 19న సంతకం పెట్టి, 20న రాజీనామా చేశారు. జూలై 18న చేసి ఉంటే, అమ్మా, నా రెండో ఓటు ఆయనదే.